కార్నెట్ విద్వాంసుడి ఊపిరి

క్రాగ్‌వెల్, యార్క్‌షైర్
ఫిబ్రవరి 9, 1992

ఎనిడ్ వదినగారికి,

మీరు అల్లి పంపిన చేతి తొడుగులు అందాయి. ఎడమ చేతిది కాస్త పెద్దదైంది. నా ఎడమ చేయి ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. మీ తమ్ముడి విషయం రాయడానికి కూర్చున్నాను.

మీ తమ్ముడు క్లిఫ్ కొత్తగా ప్రేమలో పడ్డాడు. ఆమె నీలం రంగులో ఉంటుంది, చొక్కా జేబులో ఇమిడిపోతుంది, పేరు ఇన్హేలర్. పొద్దున లేవగానే ఒకసారి పలకరిస్తాడు. మెట్లెక్కాక ఒకసారి, బొగ్గు లోపలికి తెచ్చాక ఒకసారి, బ్యాండు రిహార్సల్‌కి వెళ్లే ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఇంకోసారి. ఇన్నేళ్ల కాపురంలో నా ముఖం అన్నిసార్లు చూసిన గుర్తు లేదు.

డాక్టరు ఇచ్చినవి రెండు. నీలంది ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే. గోధుమరంగుది అసలు ఆయాసం రాకుండా పొద్దునా రాత్రీ, బాగున్నా బాగాలేకపోయినా. మీ తమ్ముడు దీన్ని తనదైన పద్ధతిలో పాటిస్తున్నాడు. నీలంది పొద్దునా రాత్రీ మధ్యలోనూ వాడుతున్నాడు. గోధుమరంగుదాన్ని బాత్‌రూమ్ కిటికీ మూసుకుపోకుండా అడ్డం పెట్టాడు.

ఎందుకయ్యా అంటే, "అది పీలిస్తే ఏమీ తెలియదు బెరిల్. నీలందైతే రెండు నిమిషాల్లో ఛాతీ తెరుచుకుంటుంది. పనిచేసేదాన్ని మానేసి పనిచేయనిదాన్ని పీల్చమంటావా?" అంటాడు. పైగా గోధుమరంగుది పెదవులని పాడుచేస్తుందని బ్యాండులో ట్రాంబోన్ ఊదే వాల్టర్ చెప్పాడట. వాల్టర్ వారమంతా మురుగు గొట్టాలు బిగిస్తాడు. వైద్యం ఎప్పుడు చదివాడో నాకు తెలియదు.

అసలు సంగతి మీకూ తెలుసు. జూన్‌లో విట్ ఫ్రైడే పండుగనాటి బ్యాండు పోటీలు. కొండమీది ఊరూరికీ బస్సులో పరుగెత్తి, దిగి, వీధిలో నడుస్తూ మార్చ్ పాట వాయించి, మళ్లీ బస్సెక్కాలి. బ్యాండులో మొదటి కార్నెట్ బూర కుర్చీ ఇరవై రెండేళ్లుగా క్లిఫ్‌ది. పక్క కుర్చీలో మెలనీ క్రాబ్‌ట్రీ అనే పిల్ల కూర్చుని ఉంది. వయసు పందొమ్మిది, ఊపిరికి కొదవ లేదు. ఛాతీ గురించి నోరు విప్పితే కుర్చీ పోతుందని ఈయన భయం.

మొన్న చర్చి మెట్ల దగ్గర ఆగి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి చాలాసేపు ఉండిపోయాడు. ఆ రోజు వేసుకున్నవి లేసుల్లేని బూట్లు.

నాకు భయంగా ఉంది వదినా. నా మాట వినడు. మీరు ఒక ముక్క రాయండి.

మీ బెరిల్

---

ఫైలీ
ఫిబ్రవరి 20

బెరిల్,

నువ్వు మనిషిని కట్టుకున్నావా, బాయిలర్‌నా? కాస్త చప్పుడు వినిపిస్తే చాలు, రిపేరు మనిషిని పిలవమంటావు.

మా ఇంట్లో ఛాతీల గురించి మాట్లాడే అలవాటు లేదు. చిన్నప్పుడు క్లిఫ్ దగ్గుతుంటే మా నాన్న వాడి చేతికి ఆ చిన్న ఇత్తడి బూర ఇచ్చి పెరటి షెడ్డులోకి తోశాడు. ఊదితే పోతుందన్నాడు. పోయారు కూడా. దగ్గు కాదు, పక్కింటివాళ్లు, ఇల్లు ఖాళీ చేసి.

ఇన్హేలర్ల గురించి నాకేం తెలుసు? ఏ రంగుది ఎందుకో డాక్టర్లు చూసుకుంటారు. వాడికి యాభై నాలుగేళ్లు, పాలు తాగే పసివాడు కాదు. నువ్వు వెనక నిలబడి లెక్కపెడుతుంటే ఎవడికైనా ఊపిరాడదు.

రాయమన్నావు కాబట్టి రాస్తాలే. వాడు కూడా ఈమధ్య ఉత్తరాలు బాగానే రాస్తున్నాడు.

తొడుగు పెద్దదైతే ఉతుకు, బిగుస్తుంది.

ఎనిడ్

---

క్రాగ్‌వెల్
ఏప్రిల్ 5

ఎనిడ్ వదినగారికి,

ఉతికాను. ఇప్పుడది ఎంత బిగిసిందంటే, మీ తమ్ముడి బూర ఊదే కొసకి మూతలా పనికొస్తుంది.

క్లిఫ్ ఉత్తరాలు రాస్తాడా? మా పెళ్లికి వచ్చినవాళ్లకి కృతజ్ఞతలు కూడా నాచేతే రాయించాడు. మీరు ఇంకెవరి సంగతో చెబుతున్నారేమో.

మీ ఉత్తరం వల్లో నా పోరు వల్లో, మొత్తానికి ఆస్తమా నర్సు దగ్గరికి వచ్చాడు. ఆమె పేరు మిసెస్ ఆగ్డెన్, నవ్వని మనిషి. "ఇంట్లో ఎలా పీలుస్తారో అలాగే చేసి చూపించండి మిస్టర్ హెప్‌వర్త్" అంది. మీ తమ్ముడు లేచి నిలబడ్డాడు. కోటు సర్దుకున్నాడు. న్యాయనిర్ణేత ఎదురుగా ఉన్నట్టు ఛాతీ విరిచాడు. ఇన్హేలర్ నోట్లో పెట్టుకుని నొక్కి, గుటుక్కున ఒక్క రెప్పపాటులో గాలి లాగాడు. మార్చ్ పాటలో రెండు స్వరాల మధ్య దొరికే సందులో నోటి మూలనుంచి లాగుతారే, అలాగ. ఎనిమిదేళ్ల వయసునుంచీ ఈ బ్యాండువాళ్లు నేర్చుకునేది అదే కదా. లాగిన మందులో కొంత నోటి పక్కనుంచి పొగలా బయటికొచ్చింది.

"అంత త్వరగా ఈ జిల్లాలో ఎవరూ లాగలేరు" అన్నాడు గర్వంగా.

"నిజమే. మిగిలిన మందు మొత్తం మీ నాలుక మీద దిగింది. మీ నాలుకకి ఆస్తమా లేదు" అంది ఆమె.

తర్వాత ఆమె నేర్పింది. ముందు డబ్బాని బాగా ఊపాలి. ఊపిరి మెల్లగా పూర్తిగా వదిలెయ్యాలి. పెదవులు బిగించి, లోపలికి పీల్చడం మొదలుపెడుతూ ఒక్కసారి నొక్కాలి. నొక్కాక కూడా నెమ్మదిగా, లోతుగా పీలుస్తూనే ఉండాలి. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. రెండోసారి కావాలంటే అర నిమిషమైనా ఆగి, మళ్లీ ఊపి, మళ్లీ మొదటినుంచీ. మీ తమ్ముడికి కొరుకుడు పడనిది ఆ 'నెమ్మదిగా'. నలభై ఆరేళ్లు సాధన చేసిన విద్య తనకే అడ్డం తిరిగిందంటే ఒప్పుకోలేకపోతున్నాడు.

అలాగైతే ఇది వాడండి అని ఆమె ఒక స్పేసర్ ఇచ్చింది. ప్లాస్టిక్ రగ్బీ బంతికి రెండు కొసలా కన్నాలు పెట్టినట్టుంటుంది. ఒక వైపు ఇన్హేలర్ బిగించి నొక్కితే మందు అందులో నిలుస్తుంది, రెండో వైపునుంచి తాపీగా పీల్చుకోవచ్చు. "బ్యాండు బస్సులో దీన్ని బయటికి తీస్తే పాలసీసా కూడా తెచ్చావా అని అడుగుతారు" అన్నాడు మీ తమ్ముడు.

"నీలంది ఎంత తరచుగా అవసరం పడుతోంది?" అని అడిగింది.

"ఎప్పుడో ఒకసారి."

నేను దగ్గాను. ఆమె నన్ను చూసి, తర్వాత అతన్ని చూసింది. "వారంలో రెండు మూడుసార్లు మించిందంటే ఆస్తమా మీ అదుపులో లేదని అర్థం. నీలంది కాసేపు కిటికీ తెరుస్తుంది, అంతే. లోపలి వాపు తగ్గించేది గోధుమరంగుది. దానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి" అంది. మా ఇంట్లో కిటికీ తెరిచేది కూడా గోధుమరంగుదేనని చెప్పబోయి, స్పేసర్‌ని నా సంచిలో పెట్టుకున్నాను.

ఒక్కటి మాత్రం నాకు అంతుబట్టడం లేదు. నీలంది కొత్తది కావాలంటే మందుల షాపుకి వెళ్లాలి. ఈయన చాలాకాలంగా అటువైపే రాలేదని షాపాయన పైబస్ గారు చెప్పారు. మా ఇంట్లో చక్కెర అయిపోతుంది, సబ్బు అయిపోతుంది, నా ఓపిక అయిపోతుంది. ఆ నీలం డబ్బా మాత్రం అయిపోదు. వాల్టర్ ఎక్కడినుంచో తెస్తున్నాడని నా అనుమానం. పట్టుకున్న రోజున వాడి ట్రాంబోన్ వాడికే మింగిస్తాను.

బెరిల్

---

ఫైలీ
ఏప్రిల్ 21

ప్రియమైన బెరిల్,

ఇక్కడ వాతావరణం చాలా బాగుంది. సముద్రం ప్రశాంతంగా ఉంది. నిన్న మంచి పీతలు దొరికాయి. నువ్వెప్పుడూ చాలా ఓపికగలదానివని మా అమ్మ అంటూ ఉండేది, అది గుర్తొచ్చింది.

పాపం వాల్టర్‌ని అనుమానించకు. మంచివాడు.

ఇంకొక మాట. మగవాళ్ల కార్నెట్ పెట్టెలు వెతకడం ఆడవాళ్లకి మర్యాద కాదు. నువ్వు వెతికావని అనడం లేదు. ముందుముందు అలాంటి ఆలోచన వస్తుందేమోనని.

ప్రేమతో,
ఎనిడ్

---

క్రాగ్‌వెల్
మే 3

ఎనిడ్ వదినగారికి,

మీరు రాసేదాకా కార్నెట్ పెట్టె వెతకాలన్న ఆలోచనే నాకు రాలేదు. చాలా కృతజ్ఞతలు.

వెల్వెట్ గుడ్డ కింద, నూనె సీసా పక్కన మూడు నీలం ఇన్హేలర్లు దొరికాయి. ప్రతిదాని మీదా మీ ఊరి మందుల షాపు చీటీ: 'మిసెస్ ఎనిడ్ బూత్‌రాయిడ్. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే.' మీ పేరు అంత చక్కగా టైపు చేసి ఉండగా చూడడం ఇదే మొదలు. ఇన్హేలర్ల గురించి మీకేమీ తెలియదన్న ఉత్తరం కూడా నా దగ్గర భద్రంగా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను.

మీ తమ్ముణ్ణి నిలదీశాను. "అక్కకి అక్కర్లేనివే పంపుతోంది" అన్నాడు.

"అక్కర్లేకపోతే డాక్టరు ఎందుకిస్తున్నాడు?"

"ఆస్తమా ఉంది కాబట్టి."

"ఉంటే ఎందుకు అక్కర్లేదు?"

మీ తమ్ముడు కార్నెట్ తీసుకుని షెడ్డులోకి వెళ్లిపోయాడు. మీ నాన్నగారు నేర్పిన వైద్యం అది ఒక్కటే.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. మీకెందుకు అక్కర్లేదు?

బెరిల్

---

ఫైలీ
మే 29

బెరిల్,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

నాకెందుకు అక్కర్లేదో తెలుసా? గోధుమరంగుది పొద్దునా రాత్రీ మానకుండా పీలుస్తాను కాబట్టి. పీల్చాక నోరు పుక్కిలిస్తాను. ఆరేళ్లుగా అంతే. నీలంది ఏ పొగమంచు రోజునో ఒకసారి తీస్తాను. అయినా డాక్టరు చీటీ మీద ప్రతి నెలా రెండూ రాసే ఉంటాయి. అరవై దాటిన ఆడదాన్ని, మందులకి డబ్బు తీసుకోరు. షాపు పిల్ల సంచిలో వేసిస్తుంది, తెచ్చుకుంటాను. నీలంవి సొరుగులో పోగుపడ్డాయి.

నా భర్త అంత్యక్రియల రోజున నేను వంటింట్లో నీలంది పీలుస్తుంటే క్లిఫ్ చూశాడు. "నాకూ ఉంది" అన్నాడు. మా ఇంట్లో ఆ మాట పైకి అన్న మొదటి మగవాడు వాడే. నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. జన్మలో వాడు నాకు రాసిన మొదటి ఉత్తరం. ఒక పేజీ. రిహార్సళ్లు, వాన, నువ్వు చేసే యాపిల్ కేకు, చివర్లో, అక్కా, ఇక్కడ అడిగితే డాక్టరు లెక్కపెడతాడు, నీ దగ్గర అదనంగా ఒకటి ఉంటే పంపు. పంపాను. మర్నెల ఇంకో ఉత్తరం. చివర్లో అదే.

ఆ చివరి వాక్యం కోసమే మిగతా పేజీ రాస్తున్నాడని నాకు తెలియదనుకున్నావా? తెలుసు. అయినా పేజీ పేజీయే కదా. ఈ ఇంట్లో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే.

గోధుమరంగుది వాడరా అని చెప్పి ఉండాల్సింది. చెబితే వింటాడు కూడా. విన్నాక నీలంది అడగడు. అడగకపోతే రాయడు. నువ్వు ఎలాగూ లెక్కలు బాగా చూస్తావు, ఇదీ చూసుకో.

విట్ ఫ్రైడే వస్తోంది కదాని నిన్న పొద్దున ఒకటి పోస్టు చేశాను. సిగ్గుతో చెబుతున్నాను. వాడికంటే ముందు నువ్వు పట్టుకో.

ఎనిడ్

---

క్రాగ్‌వెల్
జూన్ 16

ఎనిడ్ వదినా,

ముందే చెబుతున్నాను, బతికే ఉన్నాడు. కూర్చుని చదవండి.

మీ పొట్లం నాకు చిక్కలేదు. పోస్టుమాన్ గేటు దగ్గరే క్లిఫ్ చేతికిచ్చాడట. శుక్రవారం నేనూ బస్సెక్కాను, శాండ్‌విచ్‌ల కింద నర్సు ఇచ్చిన ఆ రగ్బీ బంతి పెట్టుకుని. గడ్డి పూత గాలి ఒకవైపు, నలభై బస్సుల పొగ ఒకవైపు. మొదటి ఊళ్లో బాగా వాయించాడు. రెండో ఊరికి వెళ్లే దారిలో గుటుక్కు, గుటుక్కు అని నీలందాన్ని లాగుతూనే ఉన్నాడు. మూడో ఊళ్లో వీధి నిట్టనిలువు. సగం ఎక్కి గోడ మీద కూలబడ్డాడు.

బ్యాండు మాస్టరు హొరేస్ లంబ్ పరుగెత్తుకొచ్చాడు. "ఇంకొక్క మార్చ్ క్లిఫ్. తర్వాత నీ ఇష్టం, తెల్లారేదాకా ఆయాసపడు" అన్నాడు. క్లిఫ్ జవాబు చెప్పబోయాడు. ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి కావలసొచ్చింది. మూడు మాటల తర్వాత ఊరుకున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

ఎవరో ఆవిడ కోటు పరిచి "పడుకోబెట్టండి, పడుకోబెట్టండి" అంటోంది. పడుకోబెడితే ఇంకా బిగుస్తుందని నర్సు చెప్పింది కాబట్టి ఆ కోటు మీద నేను కూర్చున్నాను. అతన్ని గోడకి ఆనించి నిటారుగా కూర్చోబెట్టి స్పేసర్ తీశాను. వాల్టర్‌ని పక్కకి చూడమన్నాను. చూడలేదు. మా బ్యాండూ, వెనకే వరుసలో ఉన్న బ్యాండూ గుడ్లప్పగించి చూశాయి. ఒక నొక్కు, నాలుగైదు తాపీ ఊపిరులు, ఆగడం, మళ్లీ ఊపి ఇంకొకటి. "మెల్లగా క్లిఫ్. ఇది మార్చ్ కాదు, చర్చి కీర్తన" అంటూ ఉన్నాను. కీర్తన వాయించేటప్పుడు ఊపిరి ఎంత తాపీగా తీసుకోవాలో అతనికి తెలుసు. ఎవరూ అలా చెప్పలేదు, అంతే.

పదిసార్లు ఇచ్చినా తేరుకోలేదు. ఈలోగా మెలనీ ఎవరూ చెప్పకుండానే కార్నెట్ గోడ మీద పెట్టి, పబ్బులోకి పరుగెత్తి అంబులెన్సుకి ఫోన్ చేసింది. అది త్వరగానే వచ్చింది. వీధి మొదట్లో ఆగిపోయింది. ముందు పోటీ బ్యాండు మార్చ్ వాయిస్తోంది. మేడ మీద, వాయించేది ఎవరో కనబడకుండా కట్టిన తెర వెనక న్యాయనిర్ణేత కూర్చుని ఉన్నాడు, మధ్యలో ఆపితే మార్కులు పోతాయి. సైరన్ మోగుతోంది, వాళ్లు దానికంటే గట్టిగా ఊదుతున్నారు. చివరి స్వరందాకా వాయించి, జెండా దించి, అప్పుడు దారిచ్చారు. వాళ్లకి రెండో బహుమతి వచ్చిందని విన్నాను.

అంబులెన్సు కోసం చూస్తూ నేను వాళ్లని శపిస్తుంటే మీ తమ్ముడు నా చెయ్యి నొక్కాడు. చివరి మాట చెబుతాడేమోనని చెవి దగ్గర పెట్టాను. "వాళ్ల... రెండో కార్నెట్... శ్రుతి తక్కువ" అన్నాడు.

ఆస్పత్రిలో ముక్కూ నోరూ మూసే తొడుగు పెట్టి మందు గాలి పట్టారు. రెండు రోజులు ఉంచారు. నెలకి నీలంవి ఎన్ని ఖాళీ చేస్తున్నారని అక్కడి కుర్ర డాక్టరు అడిగితే మొదటిసారి నిజం చెప్పాడు. డాక్టరు కలం కింద పెట్టాడు. "ఇంకో ఊరిదాకా వెళ్లి ఉంటే..." అని ఆపాడు. ఆ వాక్యం నేను రోజూ పూర్తి చేసుకుంటున్నాను.

మీ మీద కోపం ఉంది. చాలా. అయితే మీ ఉత్తరం ఇంకోసారి చదివాక ఒకటి అనిపించింది. ఆయన నాకు ఒక్క పేజీ కూడా ఎప్పుడూ రాయలేదు. నా దగ్గర నీలం డబ్బాలు ఉండి, అడుగుతూ పేజీ రాసి ఉంటే నేనేం చేసేదాన్నో గట్టిగా చెప్పలేను. అయినా మీరు చేసింది తప్పే.

బెరిల్

---

ఫైలీ
జూన్ 19

బెరిల్,

మందుల షాపుకి వెళ్లి నీలంది ప్రతి నెలా వద్దని చెప్పాను. "అంత బాగా తగ్గిందా మిసెస్ బూత్‌రాయిడ్?" అని అడిగింది ఆ పిల్ల. "నాకు ఎప్పుడో తగ్గింది. తగ్గనివాడికి పోస్టు చేస్తూ వచ్చాను" అన్నాను. సొరుగులోవన్నీ వాళ్లకే ఇచ్చేశాను. నాకోసం ఒకటి ఉంచుకున్నాను. అది లేకుండా ఉండేంత బుద్ధిలేనిదాన్ని కాను.

క్లిఫ్‌కి విడిగా రాశాను. నేను ఆరేళ్లుగా ఏం పీలుస్తున్నానో, ఎందుకు బాగున్నానో, అంతా. ఇకమీదట నా దగ్గర పంపడానికి ఏమీ లేదనీ రాశాను. దాంతో వాడు ఉత్తరాలు మానేస్తే మానెయ్యనీ. నీకు ఆ మనిషి ఉంటే చాలు.

నువ్వు కోటు మీద కూర్చున్నది మాత్రం మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

ఎనిడ్

---

క్రాగ్‌వెల్
జులై 26

అక్కా,

బెరిల్ చర్చిలో పాత సామాన్ల అమ్మకానికి వెళ్లింది. ఇది రాయమని ఎవరూ చెప్పలేదు, అది ముందే తెలుసుకో.

నీ ఉత్తరం అందింది. అన్నాళ్లూ నువ్వు ఎలా అంత హాయిగా ఉన్నావో నేను ఒక్కసారైనా అడగలేదు. నాకు కావలసింది పొట్లంలో వస్తోంది కదా, ఇంకెందుకు అడుగుతాను.

గోధుమరంగుది రెండు పూటలా పీలుస్తున్నాను. బెరిల్ గుమ్మంలో నిలబడి మార్కులు వేస్తుంది. మొదటి రెండు వారాలూ ఏమీ తెలియలేదు. మూడో వారం ఒకరోజు మెట్లెక్కి, పైన దేనికోసమో వెతుకుతూ, ఆయాసపడడం మర్చిపోయానని గుర్తొచ్చింది. నీలంది ఈ వారం ఒక్కసారే తీశాను, పక్కింటాయన గడ్డి కోస్తుంటే. రగ్బీ బంతితోనే, వీధిలోనే, వాల్టర్ చూస్తుండగానే. ఆ సాయంత్రం వాల్టర్ మా వెనక గుమ్మానికి వచ్చి అలాంటిది ఎక్కడ ఇస్తారని గుసగుసగా అడిగాడు. వాళ్ల పెద్దమ్మ కోసమట. వాల్టర్ పెద్దమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. నర్సు పేరు రాసిచ్చాను.

మెలనీ మొదటి కుర్చీలో కూర్చుంటోంది. నేను దాని పక్కన. బాగా వాయిస్తోంది. ఈ మాట హొరేస్‌తో అనకు. ఊపిరి కొలిచే గొట్టంలో ఊదించి చూసి, అంకె నిలకడగా ఉంటే శరత్కాలంలో ఒంటరిగా వాయించే సోలోలు మళ్లీ మొదలుపెట్టొచ్చని నర్సు అంది. కుర్చీ మాత్రం వెనక్కి అడగను. అడగకూడదని కాదు. పక్కనుంచి వింటే పాట మొత్తం వినిపిస్తుంది. ఇరవై రెండేళ్లలో నాకు వినపడింది నేనే.

నెమ్మదిగా పీల్చడం ఇప్పటికీ చేతకావడం లేదు. ఏ సోలో ఇంత కష్టపెట్టలేదు.

ఇక్కడ బీన్స్ బాగా కాశాయి. నిన్నంతా వాన.

ఈ ఉత్తరంలో నిన్ను అడగడానికి ఏమీ లేదు. ఇంతకుముందైతే అడిగేది అడిగేసి సంతకం పెట్టేవాణ్ణి. దీన్ని ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. ఇంకో కాగితం తీసుకుంటున్నాను.